రెండు రబ్బరు ముక్కలు

లాప్‌టాప్ మళ్ళీ ఆరిపోయింది.

పొద్దుట్నుంచి ఇది ఆరోసారి.

టైపమ్మ దాని అడుగున చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. పొయ్యి మీద మరిచిపోయిన పెనంలా ఉంది.

గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

టైపు మిషన్ల కాలంలో ఆ కంపెనీలో చేరింది కాబట్టి ఆమెను అందరూ టైపమ్మ అంటారు. మిషను పోయినా పేరు పోలేదు.

ఫోను మోగింది. పనిమీద ఊరెళ్ళిన పెద్ద సారు.

"లిస్టేదమ్మా?"

"తయారుగా ఉంది సార్. పంపబోతుంటే ఈ మాయదారి పెట్టె..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడకు. ఉద్యోగంలోంచి తీసేసే పదకొండు మంది లిస్టు అది. ఐదింటికి పైవాళ్ళ ముందు పెట్టాలి. రాలేదనుకో, నిన్ను కూడా కలిపి పన్నెండు చేస్తాను."

ఫోను పెట్టేశాడు.

ఆ పదకొండు మందీ ఎవరో టైపమ్మకు తెలియదు. నిన్న సారు గంటసేపు చెబుతుంటే ఉద్యోగుల నంబర్లూ, ఒక్కో నంబరు పక్కన కారణమూ కొట్టుకుంటూ పోయింది. పేర్లు చెబితే కొట్టే వేళ్ళు వణుకుతాయని ఆయన తెలివి. నంబరుకు ముక్కూ మొహమూ ఉండవు కదా!

రిపేరు గదికి ఫోను చేసి కేకలేసింది.

ఒక నడివయసు మనిషి చిన్న పెట్టె పట్టుకుని వచ్చాడు. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"పిలిస్తే ఇంతసేపా రావడం?"

"లిఫ్టు పనిచేయట్లేదమ్మా. నాలుగంతస్తులు ఎక్కొచ్చాను."

"మీ గదిలో అందరూ కూర్చుని తినేవాళ్ళే. అందుకే ఉద్యోగాల్లోంచి..." అనబోయి టైపమ్మ నాలుక కరుచుకుంది.

అతను పెట్టెలోంచి పనిముట్లు తీశాడు. లాప్‌టాప్ బోర్లించి మరలు విప్పాడు. పాత దిండు చించినట్టు లోపలంతా దుమ్ము.

"లోపలి ఫ్యాను పోయిందమ్మా. కొత్తది రేపు గానీ రాదు."

"రేపా! ఐదింటికి ఇది వెళ్ళకపోతే నా ఉద్యోగం పోతుందయ్యా. నా ఒక్కదాని జీతం మీద ఇంట్లో ఐదుగురం బతుకుతున్నాం."

అతను ఆమె వంక ఒక క్షణం చూశాడు.

"ఐదు నిమిషాలు నడిస్తే చాలా?"

"చాలు నాయనా."

దుమ్మంతా దులిపాడు. అడుగు మూత పక్కన పెట్టేశాడు. కిటికీ దగ్గరున్న టేబుల్ ఫ్యాను ముందు కూర్చుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు లాప్‌టాప్‌ను ఎడంచేత్తో నిలబెట్టి పట్టుకున్నాడు. దాని అడుగు ఫ్యాను వైపు, తెర అతని వైపు.

"ఇటు తిప్పు. అది రహస్యం. నువ్వు చూడకూడదు."

"తిప్పితే గాలి తగలదమ్మా. వద్దంటే కళ్ళు మూసుకుంటాను. మరి నొక్కేదెవరు?"

నాలుగూ నలభై ఎనిమిది.

"సరే, చూడు. చూసింది ఇక్కడే మర్చిపోవాలి."

ఆమె చెబుతుంటే అతను మెయిల్లో ఒక్కో అక్షరం కొట్టాడు. లిస్టు జతచేశాడు.

"ఆగాగు! ఇన్నిసార్లు ఆరిపోయింది, సగం ఎగిరిపోయిందేమో. తెరిచి లెక్కపెట్టు. పదకొండు ఉండాలి."

"ఒకటి... రెండు... మూడు..."

ఆరు దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏమయ్యా, ఏడోది పోయిందా?"

"లేదమ్మా. ఉంది."

"మరి ఆగావేం?"

"చెయ్యి కాలింది."

"తర్వాత ఊదుకుందువు గానీ, కానియ్!"

"ఎనిమిది... తొమ్మిది... పది... పదకొండు. అన్నీ ఉన్నాయి."

తెర ఒక్కసారి రెపరెపలాడింది. టైపమ్మ ప్రాణాలు అరచేతిలోకొచ్చాయి.

"పంపెయ్యమంటారా?" అన్నాడతను.

"ఇంకా అడుగుతావేం? నొక్కు!"

నొక్కాడు.

"సగం వెళ్ళింది... ముప్పావు... వెళ్ళిపోయిందమ్మా."

ఆ మాట పూర్తవుతుండగానే తెర నల్లబడింది.

ఐదుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి.

టైపమ్మ కుర్చీలో కూలబడి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది. అతనికీ దాహం వేస్తుందేమోనని తోచనే లేదు.

అతను మూత బిగించి లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు. అడుగున రెండు రబ్బరు ముక్కలు, పెన్సిలు గీతలు చెరిపేవి, గాలాడేలా చెరోవైపు ఎత్తు పెట్టాడు. ఒకటి అరిగిపోయినట్టుంది, లాప్‌టాప్ కుంటింది. జేబులోంచి చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి, దాని కిందికి తోశాడు.

"అది నీ పని చీటీ కదయ్యా? సంతకం పెట్టొద్దూ?"

"ఇక దాంతో పని లేదమ్మా."

"మళ్ళీ వేడెక్కితే నిన్నే పిలుస్తాను. నీది మంచి చెయ్యి."

అతను నవ్వాడు.

"ఎవరొచ్చినా కొత్త ఫ్యాను వేయించుకోండి. రబ్బర్లు మాత్రం తీయకండి."

అరచెయ్యి ఊదుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్న లాప్‌టాప్ చల్లగా, బుద్ధిగా పనిచేసింది.

పెద్ద సారు ఫోను చేశాడు. "బాగా చేశావమ్మా. పదకొండు మందికీ పొద్దున్నే కాగితాలిచ్చి పంపించేశారు."

"మంచిది సార్," అంది. ఆ మాట తన నోటికే చేదుగా తగిలింది.

ఇంటి దగ్గర్నుంచి కాలిన గాయాలకు రాసే మందు తెచ్చింది. అతన్ని పిలుద్దామంటే పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

చీటీ మీద ఉంటుంది కదా అని, రబ్బరు ముక్క కిందినుంచి లాగి మడతలు విప్పింది.

పేరు లేదు. ఉద్యోగి నంబరే ఉంది.

ఎక్కడో చూసిన నంబరులా అనిపించి, లిస్టు తెరిచింది.

ఏడో వరసలో అదే నంబరు ఉంది, దాని పక్కన మొన్న తన వేళ్ళే కొట్టిన మాట, "అవసరానికి పనికిరాడు."