పచ్చి సిమెంటు

“వేలు గట్టిగా నొక్కవయ్యా!”

తాపీ మేస్త్రి పదోసారి నొక్కాడు. మిషన్లో మళ్లీ ఎర్రలైటే వెలిగింది.

“నీ వేళ్లకి గీతలే లేవు. ముద్ర పడకపోతే ఈ దేశంలో ఉండటానికి పర్మిట్ పొడిగించం,” అన్నాడు ఆఫీసరు. “రెండు నెలలు సిమెంటు ముట్టుకోకు. గీతలు వాటంతటవే వస్తాయి.”

“నెల్రోజులు పని మానేస్తే పర్మిట్ రద్దన్నారు కదండీ!” అంది మేస్త్రి భార్య.

“అది వేరే రూలమ్మా. పక్క కౌంటర్లో అడుగు.”

“ఈ ఆఫీసు కట్టే అరిగిపోయాయండీ ఆ వేళ్లు. గుమ్మం ముందు మెట్టు చూడండి. పనిలో చేరిన కొత్తలో, సిమెంటు ఆరకముందే ఈయన పొరపాటున చెయ్యి ఆనించారు.”

ఆఫీసరు వెళ్లి వంగి చూశాడు. అయిదు వేళ్లూ గీతలతో సహా ఉన్నాయి.

“ముద్ర బ్రహ్మాండంగా పడింది. కానీ మెట్టుని ఫైల్లో పెట్టలేను కదమ్మా!”

సాయంత్రం ఇంటికెళ్తూ మాత్రం ఆఫీసరు ఆ మెట్టు తొక్కలేకపోయాడు. దాటి దిగాడు.