దారిలో పిప్పి

"ఎవరిదీ పిప్పి?" కాంపౌండు కమిటీ పెద్ద లువో నడుం మీద చేతులు పెట్టుకుని గేటు దగ్గర అరిచింది.

నడిచే దారి మధ్యలో ఉడికిన వేళ్ళూ, బెరడు ముక్కలూ కుప్పగా పడున్నాయి. ఇంకా ఆవిరి వస్తోంది. ఆఫీసుల నుంచి ఇంటికొస్తున్నవాళ్ళు ఆ కుప్పను చూడగానే ఆగి, గోడకు రాసుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోతున్నారు.

"నాదే," అంది సుయింగ్. చేతిలో ఖాళీ మట్టికుండను దాచుకోవాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. "నా ఎముకలు గుల్లబారాయి. వైద్యుడు కషాయం ఇచ్చాడు. కాచి తాగాను, పిప్పి దారిలో పోశాను. మా అమ్మ పోసింది, మా అమ్మమ్మా పోసింది. నలుగురూ తొక్కితే జబ్బు వాళ్ళ చెప్పులకంటుకుని వెళ్ళిపోతుంది."

"అంటే నీ జబ్బు మాకంటిస్తావన్నమాట!"

"అంతమంది తొక్కితే తలా చిటికెడు. చిటికెడు జబ్బుకి ఎవరూ చావరు. అంత భయమైతే ఎగిరి దాటు వదినా, ఎగరగలిగితే!"

పక్కన బల్ల దగ్గర మాజాంగ్ పలకలాట ఆడుతున్న ముసలాళ్ళు పళ్ళు లేని నోళ్ళతో పకపకా నవ్వారు. లువో లావుపాటి మెడ ఎర్రబడింది.

అప్పుడే సుయింగ్ కూతురు పెయ్‌వెన్ డ్యూటీ నుంచి వచ్చింది. పెద్దాసుపత్రి ఎముకల వార్డులో నర్సు. ఏడోనెల కడుపు.

"అమ్మా! మళ్ళీ పోశావా? ఇంజక్షన్ వేయించుకోమంటే వేయించుకోవు. చెట్టు బెరడు ఉడకబెట్టి తాగుతావు. అది చాలక ఊరి మీద పోస్తావా? తొక్కితే జబ్బు అంటుకోవడమేంటి, చదువుకున్నవాళ్ళు వింటే నవ్విపోతారు!"

"నవ్వనీ. నవ్వడానికి ఎముకలక్కర్లేదు."

"ఇదిగో, ఇప్పుడే చెబుతున్నా. పురిటికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటాను. బిడ్డను ఎత్తబోయి నువ్వు నడుం విరగ్గొట్టుకుంటే ఇద్దర్నీ నేను చూడలేను."

సుయింగ్‌కి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. "జీతగత్తె చేతుల్లో పెడతావా నా మనవణ్ణి? పురిటి పథ్యం నేనే వండుతా. అల్లం, వెనిగర్ వేసి పంది కాళ్ళు నేనే ఉడకబెడతా. బిడ్డను నేనే ఎత్తుకుంటా. దానికోసమే కాదుటే ఈ చేదంతా మింగుతున్నది!"

"నీతో మాట్లాడ్డం నాదే తప్పు," అని పెయ్‌వెన్ విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తెల్లారి సుయింగ్ కూరగాయలకని గేటు దాటుతూ ఆగిపోయింది. పిప్పి చదునుగా నలిగిపోయి ఉంది. ఎవరో అటూ ఇటూ బాగా తొక్కారు. ఆమెకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సాయంత్రం కుండ ఇంకాస్త గట్టిగా విదిలించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మోకాలు పట్టుకోకుండా మెట్లు దిగుతున్నానని మాజాంగ్ బల్ల దగ్గర అందరికీ చెప్పుకుంది.

"చెప్పలా? పోతోంది నా జబ్బు!"

అంతలో ఒకరోజు లువో గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. "నడుం పట్టేసింది సుయింగ్ అక్కా. వంగితే లేవలేకపోతున్నా."

సుయింగ్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. తొక్కింది ఈవిడేనన్నమాట! అందరి ముందూ గోల చేసి, తనే తెల్లారకముందు చీకట్లో చూసుకోకుండా తొక్కుకుంటూ పోతోంది. బాగా అయింది.

కానీ వంటింట్లో ముల్లంగి తరుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. కాంపౌండులో అందరికీ ఆ పిప్పి ఎవరిదో తెలుసు. అందరూ తప్పుకునే పోతున్నారు. తలా చిటికెడు పోవలసిన జబ్బు మొత్తం ఒక్క మనిషి మీదే పడుతోంది. లువో నోరు చెడ్డదే. అయినా మనవణ్ణి ఎత్తుకునే చేతులు దానికీ ఉన్నాయి. తన బలం కోసం ఇంకొక ఆడదాని నడుం విరగాలా? సుయింగ్‌కి తన మీద తనకే సిగ్గేసింది.

లువోను ఆపాలి. మొహం మీదే చెప్పి ఆపాలి. కావాలంటే నాలుగు తిట్లు తింటుంది, అంతే.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే వెళ్ళి గేటు పక్కన సైకిళ్ళ చాటున నిలబడింది. కాసేపటికి అడుగుల చప్పుడు. బరువైన అడుగులు. కుప్ప దగ్గరకొచ్చి ఆగాయి. పొరపాటున తొక్కినట్టు కాదు, ద్రాక్షపళ్ళు తొక్కినట్టు రెండు కాళ్ళతోనూ తొక్కుతున్నాయి.

"ఆగు వదినా!" అంటూ సుయింగ్ ముందుకొచ్చింది.

తిరిగి చూసింది లువో కాదు. నర్సు బట్టల్లో, ఒక చెయ్యి గోడకూ, ఒక చెయ్యి కడుపుకూ ఆనించుకుని పెయ్‌వెన్.

సుయింగ్ కూతురి చెయ్యి పట్టుకుని లాగింది. "ఒసేయ్! కడుపుతో ఉన్నదానివి! నీకు మతి పోయిందా? దిగు, ముందు దిగు!"

పెయ్‌వెన్ దిగలేదు. ఇంకోసారి గట్టిగా తొక్కింది.

"అరవకమ్మా. నమ్మేవాళ్ళంతా భయపడి తప్పుకుపోతున్నారు. ఈ కాంపౌండు మొత్తానికి నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. నేను కాకపోతే నీ జబ్బు ఇంకెవరు తొక్కుతారు?"