టీ అంగడి సేనాధిపతులు

"నీ ఇరాన్ డ్రోనుదేముందిలేప్పా! పాత మోపెడ్ మాదిరి గుర్రుమంటా పోతాది. అమెరికా బాంబు అట్ల కాదు. కిటికీ చూపిస్తే కిటికీలోనే దూరతాది!" అంటూ హరినాథ్ బల్ల గుద్దాడు.

"నువ్వు ఒకటి కూలిస్తే ఇంగో పదొస్తాయి. ఎన్నిటిని కూలుస్తావు? మా డ్రోన్ల ముందర నీ బాంబులు యా మూలకి?" అన్నాడు తిరుపాల్. 'మా' అనడానికి ఆయనకు ఇరాన్‌లో చుట్టాలెవరూ లేరు. ముద్దనూరు దాటితే పలకరించే మనిషే లేడు.

ప్రొద్దుటూరు బస్టాండు ఎదుట వలి బాషా టీ అంగడిలో యుద్ధం ముదిరింది. చట్నీ గిన్నె చమురు బావి అయింది. నీళ్ళ చెంబు ఓడరేవు. తిరుపాల్ ఒక బోండాను గాల్లో తేలించుకుంటూ తెచ్చాడు. అది చెంబును చేరకముందే హరినాథ్ లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

"కూల్చేసినా!" అన్నాడు నములుతూ.

ఎరువుల వ్యాపారి హరినాథ్ కారు వెనక్కి తీస్తే పొరుగింటి అరుగు పగులుతుంది. ప్లాట్లమ్మే తిరుపాల్ ఫోనులో దారి చూసుకుంటూ ఖాజీపేట పెళ్ళికి బయల్దేరి చెన్నూరులో తేలాడు. అలాంటి ఇద్దరు మహానుభావులు గురి గురించి చెబుతుంటే వినాల్సిన ఖర్మ నతానియేలుకు పట్టింది.

నతానియేలు ఆటో తోలుతాడు. భార్య మేరీ గల్ఫ్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. అంగట్లో టీవీలో పొగ లేస్తున్నది ఆమె ఉండే ఊళ్ళోనే. పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

"అప్పా, కొంచెం మెల్లగా మాట్లాడండి. యా వీధిలో పడిందో చెప్తాండారు."

"ఉండప్పా! తగిలేది మళ్ళా చూపిస్తాండారు," అని తిరుపాల్ కసిరాడు.

"మీ ఆమెకేం గాదులే నతానియేలూ," అన్నాడు హరినాథ్ ఇంకో బోండా అందుకుంటూ. "మా అమెరికా బాంబు గురి అట్లాంటిది. పనోళ్ళ జోలికి రాదు."

"పనోళ్ళు పండుకునే గది యాడుందో దానికి తెలుసా?"

"అన్నీ తెలుసు దానికి!" అన్నాడు హరినాథ్, తనే దాన్ని కని పెంచినట్టు.

నతానియేలుకు ఒళ్ళు మండింది. ఊరు కాలిపోతుంటే వీళ్ళకు బోండాలెట్లా దిగుతున్నాయో అర్థం కాలేదు. ఒక్క మాట అనేద్దామని నోరు తెరిచాడు. అంతలో ఫోన్ మోగింది. మేరీ!

"స్పీకర్ పెట్టప్పా!" అన్నారిద్దరూ. పొద్దుటినుంచి వాళ్ళు ఏకమైన మాట అదొక్కటే.

"పడింది యా దేశందో కనుక్కో!" అని తిరుపాల్ వెనకనుంచి అరిచాడు.

నతానియేలు వినిపించుకోకుండా బయటికి ఉరికి, ఆటోలో కూర్చున్నాడు.

"మేరీ! ఎట్లుండావు మే?"

"బాగుండా. మౌనిక బడికి పోయిందా?"

"పోయింది. పొద్దున్నుంచి చేస్తాండా, ఎత్తవేంది? పానం పోయినంత పనాయ గదా!"

"నీకెప్పుడూ చెప్పలేదు గానీ, పగలంతా నా ఫోను వాళ్ళే బీరువాలో పెట్టుకుంటారయ్యా. ఇప్పుడే ఇచ్చినారు."

"ఇంటోళ్ళు యాడుండారు?"

"అందరూ కింద సెల్లార్లోకి పోయినారు. పిల్లోళ్ళు, ముసలామె, ఆఖరికి పిల్లిని గూడా తీసకపోయినారు."

నతానియేలుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనసులో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. ఈ అంగట్లో వాళ్ళకు లేని జాలి, ఎవరో పరాయి దేశం వాళ్ళకు ఉందనిపించింది.

"మంచోళ్ళే మే. ఇట్లాంటప్పుడు మాతో మాట్లాడుకోమని ఫోనిచ్చినారు."

"దానికి గాదయ్యా," అంది మేరీ. "మిద్దె మీద నిలబడి, ఏదన్నా ఎగురుకుంటా వస్తాంటే కింద వాళ్ళకి ఫోన్ చేసి చెప్పమన్నారు."