అరమార్కు మాస్టారు

"మాస్టారూ, ఒక్క అరమార్కు కోసం ఎంతసేపండీ?"

టీచరమ్మ విసుగు దాచుకోలేదు.

పక్క కుర్చీలో మాస్టారు నవ్వారు. "పిల్లాడు కొట్టేసిన లెక్కలో సరైన స్టెప్పు ఉందండీ. పాపం, రాసినవాడికే నమ్మకం లేదు."

ఆ అరమార్కు వేసి, కట్ట అప్పజెప్పి వచ్చి, సంచీ భుజానికి తగిలించుకున్నారు.

వేరే ఊరి మనిషి. పరీక్ష పేపర్లు దిద్దే హాల్లో వారంగా ఇద్దరిదీ ఒకటే బల్ల. చాటుగా అందరూ అరమార్కు మాస్టారంటారు. ఆ పేరు పెట్టింది టీచరమ్మే.

ఆవిడ చూపంతా గడియారం మీదే ఉంది. ఊళ్ళో కొత్తరకం కళల ప్రదర్శనకి ఇదే ఆఖరి రోజు. సాయంత్రం కళాకారుడే వచ్చి మాట్లాడతాడట. రోజూ వెళ్దామనుకోవడం, రోజూ ఈ లెక్కల పేపర్లు నెత్తిన పడటం. కట్ట పూర్తికానిదే గేటు దాటనివ్వరు. తన కట్టలో ఇంకా సగం ఉంది.

ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎవరూ లేరు.

"అయ్యో! ఎప్పట్నుంచి?" అంది పైకే.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"మా పాపకి ఒళ్ళు కాలిపోతోందట."

అనేసి నాలుక కొరుక్కుంది. కూతురు ఈపాటికి బళ్ళో గంతులేస్తూ ఉంటుంది.

మాస్టారు ఒక్క క్షణం తలుపు వైపు చూశారు. సంచీ దించి కింద పెట్టారు.

"కట్ట ఇలా ఇవ్వండి. చీఫ్ ఎగ్జామినర్‌కి నేను చెప్తాలెండి. మీరు బయల్దేరండి."

'మీకేమైనా పనుందా?' అని అడగాలనిపించింది. ఉందంటారేమోనని అడగలేదు. సిగ్గుతో తల దించుకునే గేటు దాటింది.

ప్రదర్శన గది పైకప్పు నుంచి వేలాది ఖాళీ ఎర్ర పెన్ను రీఫిళ్ళు దారాలకు వేలాడుతున్నాయి. మనిషి నడిస్తే ఆ గాలికే కదిలి చిన్నగా మోగుతున్నాయి.

ఆవిడకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చినంత పనైంది. తన చేతి విసుగంతా ఎవరో తీసుకొచ్చి ఇంత అందంగా కట్టారు. తనివితీరా చూద్దామంటే, కన్నబిడ్డ మీద పెట్టి ఆడిన అబద్ధం గుచ్చుతూనే ఉంది.

ఆ రీఫిళ్ళ మధ్యే తిరుగుతూ వేళ మరచి, చివరికి సభ జరిగే పక్కగదిలోకి వెళ్ళేసరికి కుర్చీలన్నీ ఖాళీ. ఒకమ్మాయి వాటిని మడిచి గోడకి చేరుస్తోంది.

"కళాకారుడు మాట్లాడతారన్నారు?"

"రాలేదండీ. ఆయనకిది మొదటి ప్రదర్శన. పెద్ద మ్యూజియం వాళ్ళు దీన్ని తీసుకోవాలని, ఆయనతో మాట్లాడ్డానికే వచ్చారు. చూసి చూసి, ఇంకొకరిది చూసుకుంటామని వెళ్ళిపోయారు."

"ఇలాంటి రోజున రాకపోవడమేంటి? బొత్తిగా బాధ్యత లేని మనిషిలా ఉన్నాడే!" ఆవిడకి నిజంగానే కోపమొచ్చింది.

"అలా అనకండి," అంది ఆ అమ్మాయి నొచ్చుకుని. "ఎవరో పాపకి జ్వరమటండీ, వాళ్ళమ్మ పేపర్లు కూడా ఆయనే దిద్దుతూ ఉండిపోయారట."