ఆమడ దూరం

మూడు నెలలు మాత్రలు మింగి, మరో మూడు నెలలు ఆగి చేయించుకున్న పరీక్ష అది. కాగితం చూసి డాక్టరమ్మ నవ్వింది.

“హెపటైటిస్ సి వైరస్ మీ రక్తంలో ఇక లేదు. కాలేయం మాత్రం కాస్త గట్టిపడింది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి.”

బట్టలు కుట్టే ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. “అయితే ఇక మా మనవరాల్ని దగ్గరికి తీసుకోవచ్చామ్మా?”

“ఇదివరకూ తీసుకోవచ్చుగా. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే ఇది వస్తుంది. ఎత్తుకుంటే, ముద్దుపెట్టుకుంటే, ఒకే కంచంలో తింటే రాదు.”

“మొదట్నించీ అంతేనా?”

“మొదట్నించీ అంతే.”

ఆరేళ్ల కిందట కూతురి కాన్పుకని రక్తం ఇవ్వబోతే బయటపడిన జబ్బు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి పసిదాన్ని ముట్టుకోలేదు. గౌన్లు కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, గుమ్మంలోనే ఇచ్చి వచ్చేసేది.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. దాచిందంతా చెప్పేసింది.



“ఆడపిల్ల పుట్టిందని నీకు కిట్టలేదనుకున్నానమ్మా,” అంది కూతురు. “పాప అడిగితే అదే చెప్పాను.”