పొమ్మనలేక

"అప్పుడే లేచారేం?" అన్నాడు డిజైనర్.

వర్క్‌షాపు యజమాని నడుం పట్టుకుని కుర్చీకి దూరంగా జరిగాడు. చేతిలో టీ ఇంకా సగం అలాగే ఉంది. "ఏం మాయ చేశావయ్యా? చూడ్డానికి సెట్లో మిగతా మూడు కుర్చీల్లాగే ఉంది. కూర్చుంటే మాత్రం వెనక నుంచి ఎవరో 'ఇక బయల్దేరు' అని తోస్తున్నట్టుంది."

మాయేమీ లేదు. డిజైనర్ కుర్చీ ముందరి కాళ్లు వేలి మందాన తగ్గించాడు. సీటు లోతు పెంచాడు. వీపు ఆనే అడ్డపట్టీని కాస్త కిందికి దించాడు. ఎండకీ వానకీ తట్టుకునే ఆ బాల్కనీ కుర్చీ గీసింది తనే, ఊళ్లో సగం బాల్కనీల్లో ఉన్నది అదే. మనిషి హాయిగా ఎలా కూర్చుంటాడో ఇన్నేళ్లూ నేర్చుకున్నవాడికి, ఆ హాయి తీసేయడం చిటికెలో పని. అంత సులువుగా వచ్చినందుకే అతనికి సిగ్గేసింది.

"ఇంతకీ ఎవరికండీ ఇది?"

"షాపువాళ్లు పంపిన ఆర్డరు. పేరూ ఊరూ మనకెందుకు? ఎవరో ఆవిడట. దగ్గరి మనిషే రోజూ సాయంత్రం వచ్చి బాల్కనీలో కూలబడతాడట. చెప్పిందే చెప్పి, అన్నాలవేళ దాటితే గానీ లేవడట. ఇంటాయన విసుక్కుంటున్నాడు, పిల్లకి పరీక్షలు. వెళ్లమనడానికేమో ఆవిడకి నోరు రాదు. షాపులో చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుందట పాపం."

"పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే."

"పొగ కన్నా నయమేలే, కళ్లు మండవు," అని యజమాని నవ్వాడు. "అన్నట్టు, గుర్తు పెట్టడం మర్చిపోకు. ఇంట్లోవాళ్లు పొరపాటున అందులో కూర్చోకూడదట."

డిజైనర్ కుర్చీని తిరగేసి, ఎడమ చేతిపట్టీ అడుగున ఒక రాగి మేకు కొట్టాడు. పైకి కనబడదు, వేలితో తడిమితే తెలుస్తుంది. కొడుతున్నంతసేపూ ఆ ముక్కూ మొహం తెలియని మనిషే మనసులో మెదిలాడు. వెళ్లడానికి ఇంకో చోటుంటే రోజూ అక్కడికే ఎందుకొస్తాడు? భార్య పోయాక సాయంత్రాలు ఎంత పొడుగవుతాయో డిజైనర్‌కి తెలుసు.

"దీన్ని మళ్లీ మామూలుగా చేసేస్తానండీ. ఆవిడకేం తెలుస్తుంది?"

"ఆయన లేవకపోతే తెలియదూ? బండి బయట నిలబడి ఉంది, ఎక్కించెయ్. పాపమంటావా, సగం నాకు, సగం షాపుకి. నీ వాటాకేం లేదు, సరేనా?"

అతనికి నవ్వు రాలేదు. అయినా ఎక్కించాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పెన్సిల్ పట్టుకుంటే గీత సాగలేదు. ఎవరికో మిగిలిన ఒక్క చోటునీ చేతులారా లాగేశానన్న బాధ ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇలాంటివి అక్కతో చెప్పుకుంటే గానీ బరువు దిగదు. పొద్దువాలగానే, ఎప్పటిలాగే అక్కావాళ్లింటికి బయల్దేరాడు.

బాల్కనీలో లైటు వేసి లేదు. మసకచీకట్లో అక్క కుర్చీ జరిపింది. అతను చూడకుండానే కూలబడి, ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాడు.

"పొరపాటు చేశానక్కా. ఆ మనిషెవరో ఎదురుపడితే కాళ్లు పట్టుకుంటాను."

అక్క ఎదురు కుర్చీ అంచున కూర్చుంది.

"ఆ కుర్చీ... నువ్వా చేసింది?" అంది.

"నేనే. తిట్టవే అక్కా, తిట్టు. నాకు కాస్త తేలికవుతుంది."

"నిన్నేమని తిట్టనురా?"

"ముందు ఆ లైటన్నా వెయ్యి. నీ మొహం కనబడ్డం లేదు."

"వద్దులేరా, ఇలాగే ఉండనీ," అంది అక్క. కొంగుతో మొహం తుడుచుకుంటూ లేచింది. "టీ తెస్తానుండు."

అతను నిట్టూర్చి, కాస్త సర్దుకుని కూర్చుందామని చేతిపట్టీ పట్టుకున్నాడు.

అడుగున వేలికి రాగి మేకు తగిలింది.