బోర్లించిన మీటరు

చీకటి పడ్డాక బేహాలా విమానాశ్రయం హ్యాంగరులో నేనూ మా అబ్బాయి మురళీమోహనూ మాత్రమే మిగిలాం. పాత చిన్న విమానంలో ఇంజను వేగం చూపే టాకోమీటరు చెడిపోయింది. దాని చోట కొత్తది బిగించాలి. పొద్దున్నే పరీక్షకు పైలట్‌తో పాటు వాడూ ఎగరాలి.

మా ఆయన గవరయ్య బతికున్నన్నాళ్ళూ ఇక్కడ ఇదే పని చేశారు. మీటరుకు దాని ముల్లును తిప్పే తీగ తగిలించి, ఆ తీగ కొసను వేళ్ళ మధ్య దారంలా పేనేవారు. ముల్లు సాఫీగా లేస్తే మీటరును వెల్లకిలా ఉంచేవారు. నమ్మకం కుదరకపోతే బోర్లించేవారు. బోర్లించినదాన్ని ఎవరూ బిగించేవారు కాదు.

అబ్బాయి కొత్త మీటరును అలాగే చూసి, తీగతోనే బల్ల మీద వెల్లకిలా పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. నేను వాడికోసం తెచ్చిన అన్నం క్యారేజీ విప్పుతున్నాను. నా వెనక తీగ తిరిగిన చప్పుడు, నిద్రలో ఎవరో గొణిగినట్టు మెత్తగా వినిపించింది.

వాడు తిరిగొచ్చేసరికి మీటరు బోర్లా ఉంది.

"ఏటమ్మా, నువ్వూ నాన్నలాగ మేస్త్రీవైపోనావా?"

"నాను ముట్టనేదురా."

వాడు నవ్వి మళ్ళీ తీగ పేనాడు. ముల్లు చక్కగా లేచింది.

"చూడు, బంగారంలాగుంది," అంటూ వెల్లకిలా పెట్టాడు.

అప్పుడే కరెంటు పోయింది. వాడి రెండు చేతులూ పట్టుకున్నాను. బల్ల మీద తీగ తిరగడం మొదలైంది. చాలాసేపు తిరిగింది, ఓపికగా, మా ఆయన పేనినట్టే. ఆ తర్వాత అద్దం చెక్కకు ఆనిన చిన్న చప్పుడు.

"సరే, పొద్దున్న నానెక్కన్లే," అన్నాడు అబ్బాయి.

ఆ మాట నాతో అనలేదు.